గడప మీది వైరు

పెళ్ళయిన ఇరవై మూడో రోజున జోమార్త్ తన భార్య పనిచేసే గ్రంథాలయానికి మనుషుల్ని లెక్కపెట్టే యంత్రం బిగించడానికి బయల్దేరాడు. బయల్దేరేముందు రెండుసార్లు చొక్కా మార్చాడు. అరగంట కిందటిదాకా ఇదే ఇంట్లో ఉన్న పిల్లని మళ్ళీ చూడ్డానికి ఎవరైనా చొక్కా మారుస్తారా అని వాళ్ళమ్మ అడిగింది. జోమార్త్ కాసేపు ఆలోచించి మూడోది వేసుకున్నాడు.

పని మాత్రం కొత్త చొక్కాకి తగ్గది కాదు. కరాకోల్‌లో రెండు గ్రంథాలయాలెందుకు, ఒకటి చాలదా అని పైకార్యాలయానికి అనుమానం వచ్చింది. మూసెయ్యమని తామే చెబితే తిట్లు తినాలి. యంత్రం చెబితే ఆ తిట్లేవో యంత్రమే తింటుంది. అందుకని కాగితం పంపారు. నవంబరు నెలాఖరులోగా యంత్రం మధ్యలో ఆగకుండా వరుసగా పదిహేను పనిదినాలు లెక్కపెట్టాలి. రోజుకు సగటున నలభైమంది లోపలికొస్తే జోమార్త్ భార్య ఐజిరెక్ పనిచేసే గ్రంథాలయం ఉంటుంది. రాకపోతే పుస్తకాలు పెద్ద గ్రంథాలయానికి వెళతాయి, వాటిని అందించే ఐజిరెక్ బాలిక్చీకి వెళుతుంది. కరాకోల్ పెద్ద సరస్సుకి ఈ చివర, బాలిక్చీ ఆ చివర. మినీబస్సులో మూడున్నర గంటలు. అక్కడ ఒక గది ఇస్తారనీ, అది ఒక్క మనిషికి సరిపోతుందనీ కాగితం చివర దయగా రాశారు.

యంత్రాన్ని రాజధాని బిష్కెక్ నుంచి జోమార్త్ పై అధికారి ఎర్నిస్ పంపాడు. పంపి, ఫోన్ చేశాడు.

“రెండు రకాల సరంజామా పెట్టాను. యంత్రం ఒకటే. బ్యాటరీ వేస్తే వైరు లేకుండా గాల్లో పంపుతుంది, లేదంటే వైరు గుచ్చుకో. ఏది బాగుంటుందో చూసి నువ్వే తేల్చు. కళ్ళున్నాయి కదా?”

“ఉన్నాయన్నా.”

“పెళ్ళయి ఎన్నాళ్ళయింది?”

“ఇరవై మూడు రోజులు.”

“అయితే లేవు. సరే, ఎలాగోలా తేల్చు.”

గ్రంథాలయం ఒకప్పుడు ఎవరో వర్తకుడి ఇల్లు. మూరెడు మందం ఇటుక గోడలు. తలుపు తీసి లోపలికెళితే పొడుగాటి హాలు. కుడివైపు ఇనప పొయ్యి, దాని పక్కన కాపలా తాత బేషెనాలీ బల్ల. ఎడమవైపు గోడ మధ్యలో పఠన మందిరం వాకిలి, ఆ గోడ చివర అధికారిణి సైరాగుల్ గది. ఇంటర్నెట్ ఆ గదిలోనే ఉంది. యంత్రమేమో వీధి తలుపు మీద ఉండాలి.

వైరు వేయాలంటే ఎడమ గోడ వెంట వేయాలి. ఆ గోడ మీద గుర్రాలున్నాయి. యాభై ఏళ్ళ కిందట ఈ ఊరి డ్రాయింగు మాస్టారొకాయన వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి, పఠన మందిరం వాకిలి పైనుంచి, సైరాగుల్ గది దాకా పరిగెత్తించిన గుర్రాలు.

“మేకు కొట్టావంటే నిన్ను ఆ గోడకే కొడతాను,” అంది సైరాగుల్. “పోయినేడు క్యాలెండరు తగిలిద్దామని ఒక్క మేకు దించాం. గుర్రం చెవిని చీపురుతో ఎత్తాల్సొచ్చింది.”

“జిగురుతో అంటిస్తే అక్కా?”

“చెవి పోయాక ఆ చోటు చూశావా? జిగురు పెట్టి అతికించింది నేనే. ఇప్పుడది ఒంటెలా ఉంది.”

జోమార్త్ గడియారం చూసుకున్నాడు. వైరుకి వేరే దారి వెతకడం, కొలవడం, సైరాగుల్‌ని ఒప్పించడం, అంతా కలిపి రెండు రోజుల పని. వైర్‌లెస్ అయితే పన్నెండున్నరకల్లా ముగుస్తుంది. ఒంటిగంటకి ఐజిరెక్‌కి భోజన విరామం.

వైర్‌లెస్సే వేశాడు. యంత్రాన్ని వీధి తలుపు చెక్క చట్రం మీద బిగించాడు. ఇనప పొయ్యి, ఇటుక గోడలు దాటి దాని మాట సైరాగుల్ గదిదాకా అందదు కనక, మధ్యలో అందుకుని ముందుకు విసిరే చిన్న డబ్బా ఒకటి తెచ్చి, బేషెనాలీ తాత బల్ల పక్కనున్న ప్లగ్గులో గుచ్చాడు. హాలు మొత్తానికి ప్లగ్గు అదొక్కటే. డబ్బా పచ్చగా మిణుకు మిణుకుమంది. నివేదికలో వైర్‌లెస్ ఎందుకు ఎంచుకున్నాడో మూడు కారణాలు రాశాడు. మూడూ నిజమే. నాలుగోది రాయలేదు.

ఒంటిగంటకి బజారులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అష్లాన్ ఫూ తిన్నారు. చల్లటి పులుసులో సేమ్యాలు, పైన కారం, పక్కన నూనె ఇంకా చిటపటలాడుతున్న బంగాళాదుంప రొట్టెలు. కారం ఎక్కువై జోమార్త్‌కి ముక్కు కారింది. ఐజిరెక్ తన తలగుడ్డ అంచుతో తుడిచింది. ఇంత చక్కగా ముక్కు కారడం తన జన్మలో ఎరగననుకున్నాడు జోమార్త్.

*

మొదటి రోజు లెక్క పదహారు. రెండో రోజు పద్నాలుగు. మూడో రోజు పదిహేడు. నాలుగో రోజు మళ్ళీ పద్నాలుగు.

ఐదో రోజు బేషెనాలీ తాత దగ్గర బంధువులెవరో పోతే వెళ్ళాడు. బల్ల దగ్గర ఆయన భార్య కూర్చుంది. ఆ రోజు నలభై ఆరు.

రాత్రి భోజనాల దగ్గర ఐజిరెక్ అందరికీ టీ పోస్తోంది. కొత్త కోడలు టీకుండ దగ్గర కూర్చోవాలి, ఎవరి గిన్నె ఖాళీ అయినా అడక్కుండానే అందుకోవాలి, సగానికి మించి పోయకూడదు. నిండా పోస్తే ఇక లేవమన్నట్టు. ఈ మూడింటితోబాటు ఐజిరెక్ వేళ్ళు మడిచి లెక్క కూడా చెబుతోంది.

“పొద్దున చదరంగం ఆడేవాళ్ళే తొమ్మిదిమంది. పేపర్లు చదివే తాతలు ఏడుగురు. బడి వదిలాక పిల్లలు పన్నెండుమందికి తక్కువైన రోజు లేదు. అల్లిక పుస్తకాల ఆడవాళ్ళు ఉండనే ఉన్నారు. పద్నాలుగెలా అవుతుంది?”

“యంత్రం అలాగే చెబుతోంది.”

“యంత్రం నన్ను బాలిక్చీకి పొమ్మంటోంది.”

“బిగించింది నేనే కదా,” అన్నాడు జోమార్త్ చిన్నగా.

“ఆ ముసలాయన జనాన్ని తరిమేస్తున్నాడేమో,” అంది జోమార్త్ వాళ్ళమ్మ. “ఆయన లేనిరోజు నలభై ఆరు అంటే మరింకేమిటి?”

“అయ్యో, తాత తరమడం కాదత్తయ్యా, చేతులు పట్టుకుని కూర్చోబెడతాడు.”

అందరూ లేచాక ఐజిరెక్ గిన్నెలు కడుగుతూ, “ఆ గది ఒక్క మనిషికి సరిపోతుందట,” అంది.

“మనిద్దరం సన్నగానే ఉన్నాంగా,” అన్నాడు జోమార్త్ తుడుస్తూ.

ఐజిరెక్ నవ్వింది. సగంలో ఆపేసింది. ఆ ఆపడం జోమార్త్‌కి నచ్చలేదు.

*

ఆరో రోజు పొద్దున్నే వెళ్ళి హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకి తలుపు తెరుచుకుంది. బూట్ల మంచు దులుపుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. తలుపు మీది యంత్రం టిక్కుమంది. ఒకటి.

బేషెనాలీ తాత రెండు చేతులూ చాచి లేచాడు. “రా రా! బయట ముక్కు ఊడిపోయేలా ఉంది. ముందు కూర్చో. టీ తాగి లోపలికెళుదువుగాని.” అంటూనే వంగి, మిణుకుమంటున్న డబ్బాని ప్లగ్గులోంచి పీకి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, దాని చోట కెటిల్ గుచ్చాడు.

నీళ్ళు కాగేలోపు తలుపు మరో ఐదుసార్లు తెరుచుకుంది. ఐదుగురొచ్చారు. యంత్రం ఐదుసార్లూ టిక్కుమంది కాని, దాని మాట అందుకునే డబ్బా బల్ల మీద నిద్రపోతోంది. నీళ్ళు కాగాక తాత కెటిల్ పీకి, డబ్బాని తుడిచి మరీ యథాస్థానంలో గుచ్చాడు. ఇంకొకరు వచ్చారు. ఒకటి. తాత చేతులు చాచి లేచాడు. డబ్బా పీకాడు.

జోమార్త్ పేపరు మడిచాడు. ఎవరూ రాకపోతే యంత్రం పొద్దస్తమానం మెలకువగా ఉంటుంది. ఎవరైనా వచ్చారంటే వాళ్ళకి మర్యాద చేసే హడావిడిలో దానికి కళ్ళు మూస్తారు. ఎంతమంది వస్తే అంత తక్కువ.

“తాతా, ఏం చేస్తున్నారు?”

“టీ పెడుతున్నా. కనబడట్లేదూ? కొత్త పెళ్ళికొడుకువి, నీకేం కనబడుతుందిలే.”

“ఆ డబ్బా పీకారెందుకు?”

“ఇదా? ఇది ఊరికే మెరుస్తోంది. కెటిలేమో నీళ్ళు కాస్తోంది. రెండింట్లో ఏది పనిచేస్తున్నట్టు?”

జోమార్త్ పక్కన కూర్చుని అంతా చెప్పాడు. నలభైమంది సంగతి, పదిహేను రోజుల సంగతి, బాలిక్చీ సంగతి. తాత మొహంలో ముడతలన్నీ ఒకసారి కిందికి జారాయి.

“మన అమ్మాయిని బాలిక్చీకా? అదీ నా కెటిల్ వల్లా?”

“మీ తప్పు కాదు తాతా. ప్లగ్గు ఒకటే ఉంది.”

“నిన్న మా ఆవిడ వచ్చినప్పుడు మరి?”

“ఆవిడ ఇంటినుంచి థర్మాస్‌లో తెచ్చుకున్నారట కదా. మీరూ అలాగే...”

“థర్మాస్ టీ ఆసుపత్రిలో రోగులకిస్తారు,” అన్నాడు తాత. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. కాసేపటికి మోకాళ్ళు తడుముకుని, “పోనీ ఒక పని చేస్తా. రోజూ పొద్దున్నే నేనే నలభైసార్లు లోపలికీ బయటికీ తిరుగుతా. మోకాళ్ళు బాగానే ఉన్నాయి,” అన్నాడు.

పఠన మందిరం వాకిట్లోంచి ఐజిరెక్ గొంతు వినిపించింది. “వద్దు తాతా. వచ్చినవాళ్ళని లెక్కపెడితే చాలు. నలభైమందీ మీరే అయితే నేను ఎవరికి పుస్తకాలివ్వను?”

మధ్యాహ్నం జోమార్త్ బజారుకెళ్ళి మూడు కన్నాల ప్లగ్గు తెచ్చాడు. కెటిల్‌కి ఒకటి, డబ్బాకి ఒకటి. మూడో కన్నం ఊరికే ఖాళీగా ఉండటం బాగోదని తాత ఏడో రోజు ఇంటినుంచి కాళ్ళు వెచ్చబెట్టుకునే హీటరు తెచ్చి గుచ్చాడు. తొమ్మిదింటికి ఫ్యూజు ఎగిరిపోయింది. సాయంత్రం దాకా భవనంలో దీపం లేదు. చదరంగం వాళ్ళు చీకట్లోనే ఆట పూర్తిచేశారు. ఎవరు గెలిచారన్నది ఇప్పటికీ తేలలేదు.

ఎనిమిదో రోజు తాత ఎవరితోనూ చెప్పకుండా త్యాగం చేశాడు. కెటిల్ ఇంట్లో వదిలేసి వచ్చాడు.

వచ్చినవాళ్ళు బల్ల వైపు చూసి ఆగిపోయారు. “ఏమైంది? ఎవరైనా పోయారా?” అని అడిగారు. పోలేదంటే నమ్మలేదు. బల్ల ఖాళీగా ఉండగా లోపలికెళ్ళి పేపరు చదవడానికి వాళ్ళకి మొహం చెల్లలేదు. తలుపు బయటే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని వెనక్కి వెళ్ళిపోయారు. చదరంగం వాళ్ళు మునుపెన్నడూ లేనిది ఒకరింట్లో ఆడుకున్నారు. ఆ రోజు డబ్బా క్షణం కూడా ఆగలేదు. యంత్రం ఒక్క మనిషినీ వదల్లేదు. పద్నాలుగు.

“అంటే వీళ్ళు చదవడానికి రావట్లేదా?” అన్నాడు జోమార్త్.

“టీకే వస్తారు,” అంది ఐజిరెక్. “గిన్నె అయ్యేసరికి ఒంట్లో చలి పోతుంది. చలి పోయాక బయటికెళ్ళబుద్ధి కాదు. అప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, పుస్తకం పట్టుకుంటారు. పట్టుకున్నాక చదవకుండా ఉండలేరు. ఇదంతా నీకు ముందే చెప్పాల్సింది.”

“నువ్వు చెప్పినా అప్పుడు వినేవాణ్ణి కాదు,” అన్నాడు జోమార్త్. అష్లాన్ ఫూ సంగతి అప్పుడు ఒప్పుకున్నాడు. నివేదికలో రాయని నాలుగో కారణం అదే.

ఐజిరెక్ చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది. “భోజనానికి ఉండాలని వైరు వెయ్యలేదా?”

“అవును.”

“పిచ్చివాడా,” అంది. కోపంగానే అనబోయింది. మధ్యలో మొహం అటు తిప్పుకుంది.

*

లెక్క మొదలుపెట్టడానికి ఇక మర్నాడు తప్పితే గతిలేదు. నెలాఖరుకి పనిదినాలు సరిగ్గా పదిహేనే మిగిలాయి. ఒక్క రోజు మధ్యలో ఆగినా మళ్ళీ మొదలుపెట్టడానికి రోజులుండవు.

వైరే వేయాలని తేలిపోయింది. సైరాగుల్ గదినుంచి ఒక్క వైరు వస్తే దాంట్లోంచే యంత్రానికి కరెంటూ అందుతుంది, దాని మాటా వెనక్కి వెళుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, మిణుకుమనే డబ్బా అక్కర్లేదు. ప్లగ్గు మొత్తం తాతది. కాని దారేది?

అందరూ వెళ్ళాక జోమార్త్, ఐజిరెక్, సైరాగుల్, తాత హాల్లో నిలబడ్డారు. గుర్రాల డెక్కల కింద, నేలకి ఆనుకుని జానెడు ఎత్తు చెక్కపట్టీ ఉంది. దాని మీద బొమ్మ లేదు.

“చెక్కపట్టీకి కొట్టుకో,” అంది సైరాగుల్. “మేకు వంకర పోయి డెక్కకి తగిలిందా, మిగిలిన మేకులు నీకే.”

వీధి తలుపునుంచి చెక్కపట్టీ వెంట వైరు చక్కగా వస్తుంది. పఠన మందిరం వాకిలి దగ్గర చెక్కపట్టీ ఆగిపోతుంది. వాకిలికి అవతల మళ్ళీ మొదలై సైరాగుల్ గదిదాకా వెళుతుంది. మధ్యలో వాకిలి రెండు గజాలు. పైనుంచి తీసుకెళదామంటే అన్నిటికన్నా పెద్దదైన తెల్లగుర్రం పొట్ట. కిందనుంచి అంటే జనం నడిచే నేల. చలికాలం బూట్లు, వాటికి ఇనప నాడాలు. రెండు రోజుల్లో వైరు తెగుతుంది.

జోమార్త్ వాకిట్లో గొంతుకు కూర్చున్నాడు. ఇంతకీ తను బిగించిన యంత్రమే తన పెళ్ళాన్ని సరస్సు అవతలికి పంపబోతోంది.

“గడప మీద వెయ్యి,” అంది ఐజిరెక్.

“ఏంటి?”

“గడప మీద. ఈ భవనంలో ఎవరి కాలూ పడని చోటు అదొక్కటే.”

అందరూ గడప వైపు చూశారు. పఠన మందిరానికి ఎత్తయిన చెక్క గడప. ఎప్పుడో గుర్రాలతోబాటే గోధుమరంగు వేశారు. దానికి ఇటూ అటూ నేల చెక్కలు అరిగి పళ్ళేల్లా గుంటలు పడ్డాయి. గడప మీద మాత్రం రంగు నిన్న వేసినట్టుంది. కుంచె గీతలు కూడా కనిపిస్తున్నాయి.

“నన్ను మీ ఇంటికి తెచ్చినరోజు మీ అమ్మ, మీ పిన్ని, మీ నాన్నమ్మ ముగ్గురూ వంగి నా కాలే చూశారు,” అంది ఐజిరెక్. “గడపకి తగులుతుందా తగలదా అని. మొహం ఒక్కరూ చూడలేదు.”

“నేను చూశాను.”

“నువ్వు చూశావులే. నేను చెప్పేది గడప సంగతి.”

బేషెనాలీ తాత గొంతు సవరించుకున్నాడు. “ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నాను. ఆ గడప మీద కాలుపెట్టింది ఇద్దరే. ఒకడు సైకిలు మీద వచ్చిన విదేశీయుడు. రెండోది గొర్రె.”

“గొర్రె లోపలికెందుకొచ్చింది?” అంది సైరాగుల్.

“మీరు సెలవులో ఉన్నప్పుడులెండి,” అన్నాడు తాత.

జోమార్త్ గడపకి ఫోటో తీసి ఎర్నిస్‌కి పంపి ఫోన్ చేశాడు.

“నడిచే దారిలో వైరు వేయకూడదని తెలీదా?” అన్నాడు ఎర్నిస్. “సూచనల పుస్తకం తొమ్మిదో పేజీ. వారానికి రెండువేల అడుగులు పడతాయి.”

“దారిలో కాదన్నా. గడప మీద.”

అటునుంచి పేజీలు తిప్పుతున్న చప్పుడొచ్చింది.

“ఫోటోలో రంగు చూడన్నా. యాభై ఏళ్ళది.”

“మా అమ్మది నారిన్ ఊరు,” అన్నాడు ఎర్నిస్ చివరికి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి. “ఆరేళ్ళప్పుడు ఒకసారి గడప మీద నిలబడి బయటికి చూశాను. ఆవిడ చేతిలో గరిటె ఉంది. సరే, వెయ్యి. నివేదికలో ‘ఎవరూ నడవని స్థలం’ అని రాయి. తొమ్మిదో పేజీకి అది చాలు.”

ఆ సాయంత్రం జోమార్త్ మేకులు కొడుతుంటే ఐజిరెక్ దీపం పట్టుకుంది. సైరాగుల్ గుర్రాల పక్కన కాపలా కాసింది. వైరు తెలుపు, గడప గోధుమరంగు. పొడుగ్గా, తిన్నగా, బాగానే ఉంది. పని పూర్తయ్యాక నలుగురూ వరసగా గడప దాటి చూశారు. ఎవరికీ ఏ కష్టమూ అనిపించలేదు. పుట్టినప్పటినుంచీ దాటుతూనే ఉన్నారు.

*

మొదటి రోజు నలభై ఒకటి. రెండో రోజు ముప్పై తొమ్మిది. మూడో రోజు నలభై ఏడు.

తాత ఇప్పుడు కెటిల్‌ని ప్లగ్గులోంచి తీయడమే మానేశాడు. చదరంగం వాళ్ళు వాళ్ళ చోటుకి తిరిగొచ్చారు. కొత్త వైరుని చూడ్డానికి కొందరొచ్చారు. చూసి, దాటి, టీ తాగి, పుస్తకం పట్టుకున్నారు. ఒక పెద్దావిడ వైరుని చూసి, గడపకి దిష్టితాడు కట్టారనుకుని, ఎవరికి దిష్టి తగిలిందని ఐజిరెక్‌ని అడిగింది. మాకే అంది ఐజిరెక్.

రోజూ సాయంత్రం జోమార్త్ లెక్క చూసి ఇంటికి పరిగెత్తేవాడు. నడిచి వెళ్ళినా సంఖ్య మారదని వాళ్ళమ్మ చెప్పి చూసింది.

పదిహేనో రోజు మధ్యాహ్నం పైకార్యాలయంనుంచి ఒకావిడ స్వయంగా వచ్చింది. ఎత్తు మడమల బూట్లు, చేతిలో కాగితాల కట్ట. నడుస్తూనే చదువుతోంది, చదువుతూనే నడుస్తోంది. బల్ల దగ్గర ఆగలేదు. తాత చాచిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఆవిడ తిన్నగా పఠన మందిరం వైపు వెళ్ళింది. కాగితంలోంచి కళ్ళెత్తకుండా కుడికాలు ఎత్తింది. మడమ సరిగ్గా తెల్ల వైరు మీదికి దిగుతోంది.

“అమ్మా! కాలు!” అని అరిచాడు తాత.

తాత ఒక్కడే కాదు. చదరంగం తొమ్మిదిమంది, పేపరు తాతలు, అల్లిక ఆడవాళ్ళు, పిల్లలు, తలుపులోంచి తల బయటికి పెట్టిన సైరాగుల్, అందరూ ఒకేసారి అరిచారు. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించవలెనని గోడ మీద రాసున్న అట్ట కూడా కదిలింది.

ఆవిడ గాల్లో కాలుతో కొంగలా నిలబడిపోయింది.

“తొక్కలేదు,” అంది భయంగా. “పైనే ఉంచాను. చూడండి, తొక్కలేదు. మా నాన్నమ్మ పెంచిందండీ నన్ను. కాగితం చూస్తూ ఉండిపోయాను.”

ఊగుతోంది. ఐజిరెక్ ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకుని అవతలికి లాగింది. కాలు గడప దాటి నేల మీద పడింది. హాల్లో అందరూ ఊపిరి వదిలారు. ఆఖరి రోజని పొద్దున్నుంచీ అక్కడే ఉన్న జోమార్త్ వంగి వైరుని వేలితో తడిమి చూసుకున్నాడు.

ఆవిడకి తాత సగం సగం చొప్పున మూడు గిన్నెల టీ పోశాడు. ఆవిడ టీతో పెట్టిన ఆప్రికాట్ జాము గురించి అడిగింది, తర్వాత జాము పుస్తకం అడిగింది, దాన్ని పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఆ రోజు లెక్క నలభై నాలుగు, ఆవిడతో కలిపి. పదిహేను రోజుల సగటు నలభై మూడు.

*

వారం తర్వాత కాగితం వచ్చింది. గ్రంథాలయం ఉంటుంది. ఐజిరెక్ ఉంటుంది. సైరాగుల్ గుర్రాలకి వినబడేలా గట్టిగా చదివింది. తాత కెటిల్‌కి ముద్దు పెట్టాడు. వేడిగా ఉందని మర్చిపోయాడు.

రెండో పేజీ ఉందని అందరికన్నా ఆలస్యంగా చూసింది జోమార్త్. కరాకోల్‌లో యంత్రం ఎంతో చక్కగా పనిచేసినందువల్ల, దాన్ని బిగించిన మనిషిని బాలిక్చీ గ్రంథాలయానికి కూడా పంపాలట. వైరు పని కనక పది రోజులు, అవసరమైతే నెల. ఉండటానికి ఒక గది ఇస్తారు. అది ఒక్క మనిషికి సరిపోతుంది.

ఐజిరెక్ ఆ పేజీ రెండుసార్లు చదివింది. జోమార్త్ బాలిక్చీ గ్రంథాలయం నంబరు కనుక్కుని ఫోన్ చేశాడు. అక్కడ కాపలా ఉండేది ఒక పెద్దావిడ. ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి, ఎర్నిస్‌కి చేశాడు.

“వైర్‌లెస్ వేస్తానన్నా.”

“చూడకుండానే? అక్కడ అంత గొడవయ్యాక?”

“కాపలా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ టీ గ్యాస్ పొయ్యి మీద పెడుతుంది. ప్లగ్గు జోలికి వెళ్ళదు. గోడలు పల్చని చెక్కవట, ఇంటర్నెట్ తలుపు పక్కనే ఉంది. మధ్యలో డబ్బా కూడా అక్కర్లేదు. ఒక్క రోజు పని.”

“పెళ్ళయి ఎన్నాళ్ళయింది?”

“యాభై ఎనిమిది రోజులు.”

“కళ్ళొచ్చాయన్నమాట. సరే, వెళ్ళిరా.”

బయల్దేరే పొద్దున ఐజిరెక్ అప్పుడే కాల్చిన గుండ్రటి రొట్టె తెచ్చి నోటి దగ్గర పెట్టింది. దూరం వెళ్ళేవాడు ఒక ముక్క కొరికి మిగతాది ఇంట్లో వదిలి వెళ్ళాలి. అది తినడానికైనా తిరిగొస్తాడు.

“సైన్యంలోకి వెళ్ళేవాళ్ళకి చేస్తారే ఇది,” అంది జోమార్త్ వాళ్ళమ్మ. “వీడు వెళ్ళేది బాలిక్చీకి. రేపొచ్చేస్తాడు.”

“మూడున్నర గంటలత్తయ్యా,” అంది ఐజిరెక్.

జోమార్త్ పెద్ద ముక్కే కొరికాడు. మిగిలిన రొట్టెని ఐజిరెక్ గుడ్డలో చుట్టి గోడకి వేలాడదీసింది. మర్నాడు పొద్దున ఆలోచన మారి, దాన్ని తనతోబాటు పనికి తీసుకెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే పన్నెండు యాభై ఎనిమిదికి కరాకోల్ గ్రంథాలయం యంత్రం, సంచీ భుజాన వేసుకుని లోపలికి పరిగెత్తిన మనిషినొకణ్ణి లెక్కపెట్టింది. ఒంటిగంట మూడు నిమిషాలకి బయటికి వెళ్ళినవాళ్ళు ఇద్దరని రాసుకుంది.